కట్ ఎవరు చెప్పాలి

మా తాత సినిమాలకు సెట్లు వేసేవాడు. నాన్న దర్శకుడు, అమ్మ ఎడిటరు. అన్నాల దగ్గర కూడా ఏ సీను ఎందుకు సాగినట్టుందో వాదించుకునే ఇల్లు మాది. నేను మొదటి సినిమా తీస్తానంటే నాన్న సంతోషించాడు గాని, పక్కనే ఉంటానన్నాడు. నిర్మాత నాన్నకు పాత స్నేహితుడు. నాన్న పక్కనుంటాడనే ఆయన ధైర్యం.

అప్పటికి మేం బహదూర్‌పల్లిలో ఉంటున్నాం. కథ గౌడవెల్లిలో జరుగుతుంది. పొలం అమ్మేద్దామనే కొడుకు, ఒప్పుకోని తల్లి. తల్లి వేషానికి ఆ ఊళ్లోనే కూరగాయలు పండించి మేడ్చల్లో అమ్ముకునే ఒకామెను అడిగాను. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అనేది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. కెమెరా ముందు ఎన్నడూ నిలబడలేదు. అనుభవమున్న ఆర్టిస్టును పిలిపిస్తానని నాన్న పట్టుబట్టాడు. నేను వినలేదు. నెల రోజులు పొద్దున్నే స్కూటీ మీద వెళ్లి, ఆమెతోపాటు వంకాయలు తెంపుతూ మాటలన్నీ నేర్పించాను.

షూటింగ్ మూడో రోజు అసలు సీను. కొడుకు కాగితాలు ముందుపెడతాడు, తల్లి అతన్ని నిలదీయాలి. నాలుగు లైన్ల డైలాగు. నేను వారం రోజులు చెక్కినవి. ఖాలా బియ్యం కడుగుతూ ఆగిపోయింది. కొడుకు వేషం వేసినతన్ని చూసింది. నోరు తెరవలేదు.

"కట్" అని వెనకనుంచి నాన్న గొంతు. కెమెరా ఆగిపోయింది. కెమెరామన్ ఆయన దగ్గర పనిచేసినవాడే మరి.

నేను వెనక్కి తిరిగాను.

"నాన్నా, ఇక్కడ కట్ నేను చెప్పాలి."

నాన్న లేచి వెళ్లి వ్యాన్లో కూర్చున్నాడు. నేను ఖాలా దగ్గరికెళ్లి, మాటలు మర్చిపోయారా అని అడిగాను.

"మర్వలే బిడ్డా. గన్ని మాటలు నేననను. కోపమొస్తే నాకు మాటే రాదు."

ఆ నాలుగు లైన్లూ అక్కడే కొట్టేశాను. మళ్లీ తీశాం. ఆమె కాగితాల వంక చూసి, బియ్యం కడగడం మొదలుపెట్టింది. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. అది చాలు.

తెల్లారి నాన్న నాకంటే ముందే తయారై కూర్చుని, ఇవాళ తనెక్కడ కూర్చోవాలని అడిగాడు. ఆయన ఇష్టమేనని, కెమెరా వెనక మాత్రం వద్దని చెప్పాను. తలూపాడు. ఎడిటింగులో అమ్మ ఆ షాటును ముట్టుకోలేదు.

సినిమా వారం ఆడింది. రెండో కథ పట్టుకుని నేనొక్కదాన్నే నిర్మాతల చుట్టూ తిరిగాను. నాన్న ఫోన్ చేస్తానంటే వద్దన్నాను. చాలామంది కాదన్నారు. ఒకాయన మాత్రం కథంతా విని, డైరెక్షన్ ఎవరమ్మా అని అడిగాడు.

"నేనేనండీ" అన్నాను.