పంటు మీద మామ నిద్ర

నిన్న మధ్యాహ్నం సిరిసిల్లలో కరెంటు పోయి, వాడలో సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోగానే, మంచం మీద గుర్రుపెడుతున్న మా మామ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఈ మరమగ్గాల మోతలో పెరిగినవాళ్లం కదా, చప్పుడుకు నిద్రపోతాం, నిశ్శబ్దానికి మేలుకుంటాం. ఈ అలవాటే ఆఫ్రికాలో ఒక లారీని ఏటిపాలు కాకుండా కాపాడిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. సాక్షిని నేనొక్కణ్ణే, నా మాటకు ఇంట్లో అంత గిరాకీ లేదు.

చాలా ఏళ్ల కింద టాంజానియాలో కొత్తగా పెడుతున్న బట్టల మిల్లులో సాంచెలు బిగించే పని మామకు దొరికితే, పక్కన నిలబడి నట్లు అందించే పని నాకు దొరికింది. ఓడలో వచ్చిన సాంచెలను లారీకెత్తుకొని పోతుంటే దారిలో పెద్ద ఏరు అడ్డం వచ్చింది. వంతెన లేదు, బండ్లను దాటించే పంటు ఒకటే దిక్కు. వెల్గటూరు దగ్గర గోదారిని చూసినవాణ్ణి కాబట్టి నాకు నీళ్లంటే భయం లేదు, అక్కడివాళ్లు మొసళ్ల సంగతి చెప్పేవరకు. సాంచెలు మునిగితే మా పనీ మునిగినట్టే, చేతులూపుకుంటూ ఇంటికి రావాల్సిందే.

పంటు ఎక్కాక డ్రైవరుతో సహా అందరినీ లారీ దిగమన్నారు. మామ మాత్రం, పంటు ఇంజను అచ్చం సాంచెలాగే మోగుతుండటంతో, డ్రైవరు సీటు మీదికి ఒరిగి ఎంత లేపినా లేవని నిద్రలోకి పోయాడు. సరిగ్గా ఏటి నడుమ ఆ ఇంజను ఆగిపోయింది. పంటు ఒక పక్కకు ఒరిగింది, చక్రం కింది చెక్క జారింది, లారీ మెల్లగా వెనక్కి కదిలింది. డ్రైవరు తన దేవుణ్ణి, నేను కొండగట్టు అంజన్నను పిలుచుకుంటుండగా పైనుంచి కేక వినబడింది.

“ఎవడురా సాంచె బంద్ జేసింది?”

“సాంచె గాదు మామా, బండి ఎనుకకు పోతుంది. బిరేకు తొక్కు.”

“గీ మూడిట్ల ఏదిరా బిరేకు?”

“నడిమిది.”

తొక్కాడు. చిన్ననాటి నుంచి గుంటమగ్గం తొక్కిన కాలది, ఇంజను బాగుచేసి ఒడ్డు చేర్చేదాకా తీయలేదు. డ్రైవరు వచ్చి కౌగిలించుకుంటే, మామ నా వైపు తిరిగి, “మంచి నిద్ర ఖరాబ్ జేసిండ్రు” అన్నాడు.

ఆ మిల్లులో నేసిన మొదటి బట్ట మా మామ కాలి పుణ్యమేనని నేను నేటికీ, ఎవరూ అడగకపోయినా, ఛాతీ విరిచి చెబుతుంటాను. ఇప్పుడు అక్కడ వంతెన పడిందట. ఇక్కడ మా వాడలో సగం సాంచెలు పాత ఇనుము కింద పోయాయి, మామకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని డాక్టరు మాత్రలు రాశాడు. నిన్న మళ్లీ కరెంటు వచ్చి, మిగిలిన ఆ కాసిని సాంచెలు మోగడం మొదలయ్యేదాకా ఆయన మంచం మీద అలాగే కూర్చున్నాడు, కుడికాలు నేలకు గట్టిగా అదిమిపెట్టి.