జ్వరాల పుస్తకం వెనక దొరికిన జవాబు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోయవచ్చని నాకు తెలియదు. నోట్లోంచి వచ్చినప్పుడు అది రెండు మూడు మాటలే. తర్వాత దాని మీద నా చదువు నిలబడింది, ఉద్యోగం నిలబడింది, నలుగురిలో నాకున్న కాస్త పేరూ నిలబడింది. ఇప్పుడు దాన్ని లాగితే ఏమేం కూలుతాయో నాకే తెలియదు. అయినా లాగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే దమ్ము ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేదే కాదు.

నా పేరు అడగకండి. మాది ఇబ్రహీంపట్నం పక్కన ఒక ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. మన్నెగూడ వైపున్న మా చేను ప్లాట్లయిపోయిన కాలంలో నేను డిగ్రీ పూర్తి చేశాను. నగరంలోని పెద్ద దవాఖానలకు అరబ్బు దేశాల నుంచి రోగులు వస్తారని, వాళ్లకూ డాక్టర్లకూ మధ్య మాట చెప్పే ఉద్యోగాలుంటాయని ఎవరో అంటే అరబ్బీ డిప్లొమాలో చేరాను. ఊళ్లో నవ్వని వాళ్లు లేరు. బాపు కూడా నవ్వాడు, కానీ ఫీజు కట్టాడు. చేరింది ఉద్యోగానికే. భాష మాత్రం నన్ను వదల్లేదు. ఎమ్మే అయింది, ఆపైన పీహెచ్‌డీలో చేరాను.

మా గైడు మంచివాడనే పేరున్న మనిషి. నన్ను ఏనాడూ తిట్టలేదు. జాలిపడేవాడు. ఇంట్లో ఒక్క అరబ్బీ అక్షరం లేని పిల్లవు, వ్యాకరణం మీద ఏదో చిన్న అంశం తీసుకో, తత్వశాస్త్రం నీవల్ల కాదని అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వుకు నా కడుపు మండింది. నా తప్పుకు అదే కారణమని చెప్పడం లేదు. చెప్పాలని ఉంది. చెప్పను.

ఆ రోజుల్లోనే సాబ్ పరిచయమయ్యారు. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో పాత పెంకుటిల్లు. అరబ్బీ పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంటినిండా ఇనప పెట్టెలు, పెట్టెలనిండా చేతిరాత పుస్తకాలు: తర్కం, ఆత్మ, కార్యకారణాలు. తాత ముత్తాతల నుంచి వచ్చినవి కొన్ని, ఆయన తిండి తగ్గించుకుని కొన్నవి కొన్ని. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. తాను పోయేలోపు అన్నిటికీ సూచిక తయారు చేయించాలని ఆయన కోరిక. నేను రాసిపెట్టాలి, ఆయన నాకు పాఠం చెప్పాలి. అదీ మా ఒప్పందం. భార్య పోయాక ఆయన్ను చూసుకోవడానికి చెల్లెలు వచ్చి ఉండేది. నేను ఆవిడను పిన్ని వరసలో ఖాలా అనేదాన్ని. నేను వెళ్లేసరికి చాయ్ పొయ్యి మీద ఉండేది.

పని నిదానమైనది. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. పేజీ కొలవాలి. పేజీకి ఎన్ని వరసలో చూడాలి. మొదటి మాటలు, చివరి మాటలు కార్డు మీద ఎక్కించాలి. సాబ్ ఒక నియమం పెట్టారు. చివరి పేజీ దాకా తిప్పనిదే కార్డు రాయకూడదు. పాతకాలంలో అట్టలు కుట్టేవాళ్లు లోపలి విషయం చూసేవాళ్లు కాదు, కాగితం సైజు చూసేవాళ్లు. ఒకే సైజువన్నీ కలిపి ఒకే అట్టలో కుట్టి పడేసేవాళ్లు. అందుకని తర్కం వెనక ఏముంటుందో తిప్పితే గాని తెలియదు.

ఆ పుస్తకాల్లో ఒక పుస్తకం ఆయన ప్రాణం. రచయిత పేరు లేదు. సగమే ఉంది. ఆత్మ గురించిన వాదం అది. దేహం పోయాక ఆత్మ తనవాళ్లను గుర్తుపడుతుందా? ఆ సగంలో ఉన్నవన్నీ గుర్తుపట్టదనే వాళ్ల వాదనలు. జ్ఞాపకం ఉండేది మెదడులో, మెదడు మట్టిలో కలుస్తుంది, ఇక గుర్తుపట్టేది దేనితో? ఒకదాన్ని మించి ఒకటి, తిరుగులేని వాదనలు. అక్కడితో పేజీలు అయిపోతాయి. పేజీల మీద అంకెలు వేయని కాలంలో ఒక పద్ధతి ఉండేది. పేజీ అడుగున, మూలకు, తర్వాతి పేజీ ఏ మాటతో మొదలవుతుందో ఆ మాట రాసేవాళ్లు, కాగితాలు చెదిరినా మళ్లీ వరసగా పేర్చుకోవడానికి. సాబ్ దాన్ని రికాబ్ అనేవారు. ఆ చివరి పేజీ అడుగున ఉన్న మాట 'వల్ జవాబు'. ఇక జవాబు ఏమిటంటే, అని. అంతే. జవాబు లేదు.

సాబ్ వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ మాటతో మొదలయ్యే పేజీ కోసం వెతికారు. భార్య పోయాక ఆ వెతుకులాట వేరే రకంగా మారింది. మతం చెప్పిన జవాబు మీకుంది కదా అని ఒకసారి అడిగితే, అది ఈమాన్‌కు సరిపోతుంది, అక్ల్‌కు కూడా ఒకటి కావాలన్నారు. నమ్మే మనసు వేరు, అడిగే బుద్ధి వేరు అని ఆయన అర్థం. ఆయన భార్యను నేను చూడలేదు. ఆయన పక్కన కూర్చుని ఇదే పుస్తకాన్ని చూసి నకలు రాసేదని ఖాలా చెప్పింది.

అన్ని పెట్టెలూ వెతికిన మనిషి ఒక్క పెట్టెను ముట్టలేదు. వాళ్ల వంశంలో ఎవరో హకీము ఉండేవాడట, ఆయన మందుల పుస్తకాల పెట్టె అది. నుస్ఖాల పెట్టె అనేవారు. దగ్గు మందుల కాగితాల్లో ఏముంటుందని తీసిపారేసేవారు. నియమం పెట్టిన మనిషే అక్కడ నియమం తప్పారు. తత్వం చదివినవాళ్లకు వైద్యం అంటే ఉండే ఆ కాస్త చిన్నచూపు ఆయనకూ ఉంది.

ఆ పెట్టె నేను తెరిచాను. సాబ్ మధ్యాహ్నం నమాజు చేసుకుని పడుకున్నారు. జ్వరాల మీద ఒక లావు పుస్తకం. చివరి దాకా తిప్పాను, నియమం ప్రకారం. జ్వరాలు అయిపోయాయి. ఆ వెనక కుట్టిన పేజీ పైన మొదటి మాట: వల్ జవాబు.

లేచి ఆ సగం పుస్తకం తెచ్చి పక్కన పెట్టాను. అదే చేతిరాత, అవే వరసలు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే పురుగు తొలిచిన రంధ్రాలు కూడా ఒకదానికొకటి సరిగ్గా కూర్చున్నాయి. ఆ పురుగు తొలిచినప్పుడు ఇవి రెండూ ఒకటే పుస్తకం. అనుమానానికి తావే లేదు.

సాబ్‌ను లేపాలి. పక్క గదిలోనే ఉన్నారు. నాకు మొదట వచ్చిన ఆలోచన మాత్రం అది కాదు. మా గైడు ముఖం గుర్తొచ్చింది. ఇది బయటపడితే సాబ్ వెంటనే పాత మిత్రులకు కబురు పెడతారు, వాళ్లు వస్తారు, పెద్దవాళ్లు పెద్ద వ్యాసాలు రాస్తారు, ఆఖరి వరసలో ఎక్కడో నాకు కృతజ్ఞతలు చెబుతారు. ఇదంతా ఆ కాసేపట్లోనే ఆలోచించాను. అంత తొందరగా లెక్కలు వేయగలనని నాకే తెలియదు. ఫోన్‌తో ఆ పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాను. కార్డు మీద జ్వరాలు అని మాత్రం రాశాను. పుస్తకాన్ని పెట్టె అడుగున పెట్టి, దాని మీద మిగతావి పేర్చాను. ఇంతలో సాబ్ లేచారు.

“నుస్ఖాల పెట్టె ఒడిసిందా బిడ్డా?”

“ఒడిసింది సాబ్.”

“మన పనికొచ్చేది ఏమన్న కనవడ్డదా అండ్ల?”

“లేదు సాబ్. అన్ని జ్వరాలు, కషాయాలే.”

“నేననుకున్న గదే. నువ్వు ఫికర్ చెయ్యకు. మిగిలిన పెట్టెలు నీ కండ్లతోని ఇంకోసారి చూద్దం.”

“అవ్ సాబ్.”

నా గొంతు ఎలా పలికిందో గాని, ఏమీ దొరకలేదని నేను బాధపడుతున్నాననుకున్నారు. నన్ను ఓదార్చారు. ఖాలాను పిలిచి బిడ్డకు చాయ్ తెమ్మన్నారు. తాగాను. ఇప్పుడు ఎవరైనా నన్ను మంచిదానివంటే నాకు ముందు ఆ చాయే గుర్తొస్తుంది.

చెప్పకుండా ఉండిపోదామని అనుకోలేదు. ఈ మాట మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. ఆ పుస్తకమే అంశంగా నా పేరు మీద రిజిస్టరు కాగానే చెబుదామనుకున్నాను. అది అయింది. ఒక అధ్యాయం రాశాక చెబుదామనుకున్నాను. అదీ అయింది. గడిచిన కొద్దీ, దొరికిందని చెప్పడంతో పాటు ఇంతకాలం దాచానని కూడా చెప్పాల్సి వచ్చింది. మొదటిది సంతోషంగా చెప్పేదాన్ని. రెండోది చెప్పడానికి ముఖం చెల్లలేదు. తప్పు చేసిన రోజు నాది అత్యాశ. ఆ తర్వాత రోజులన్నీ సిగ్గు. ఏది ఎక్కువ హాని చేసిందని అడిగితే సిగ్గే అంటాను.

సాబ్‌కు ఊపిరి అందడం కష్టమైంది. హయత్‌నగర్‌లో ఒక దవాఖానలో చేర్చారు. చూడటానికి వెళ్లాను. ఆ సగం పుస్తకం తెమ్మని ఖాలాతో చెప్పి తెప్పించుకున్నారు.

“గది జర చదువు బిడ్డా” అన్నారు.

చదివాను. గుర్తుపట్టదనే వాదనలన్నీ, ఒకదాని తర్వాత ఒకటి, చావుకు దగ్గరైన మనిషికి నా నోటితో వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. చివరి వరస అయింది. అడుగున ఉన్న మాటను నేను చదవలేకపోయాను. ఆయనే అన్నారు, “వల్ జవాబు.” కాసేపు ఎదురుచూసినట్టే ఉన్నారు.

జవాబు నా సంచిలో ఉంది. ఫోన్ తీసి చదవడమే. దొరికిన రోజు ఎందుకు చెప్పలేదని ఆయన అడిగేవారా? అడిగేవారు కాదనే నాకు తెలుసు. ముందు విందాం, తర్వాత మాట్లాడుకుందాం అనేవారు. ఆయన స్వభావం అది. తెలిసి కూడా ఫోన్ బయటికి తీయలేదు. అలిసిపోయినవ్ ఇంటికి పో బిడ్డా అన్నారు. బస్సెక్కి ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. రెండు రోజుల తర్వాత పోయారు.

ఇంతకీ ఆ జవాబు ఏమిటి? పెద్దదేమీ కాదు. జ్ఞాపకాలు మెదడుతోనే పోతాయని రచయిత ఒప్పుకుంటాడు. ఆ వాదనలు వేటినీ కొట్టిపారేయడు. అయితే ఒక మనిషితో కలిసి బతికినప్పుడు ఆత్మ మారుతుంది అంటాడు. ఆ మార్పు జ్ఞాపకం కాదు, ఆత్మ అసలు తీరే అది. కనుక దేహం పోయాక కూడా తనను తాను ఎరిగిన ఆత్మ తనతో బతికిన మనిషినీ ఎరుగుతుంది. సాబ్ అడిగింది ఇదే. ఆ రోజు వినిపించి ఉంటే ఆ మంచం మీద ఆయన ముఖం ఎలా ఉండేదో నేను ఊహించుకోగలను. రోజూ ఊహించుకుంటాను.

ఆ జవాబుకు రెండో వైపు కూడా ఉంది. మంచికే కాదు, చేసిన ద్రోహానికి కూడా ఆత్మ అలాగే మారుతుందని చివర్లో రాశాడు. ఇప్పుడు కాలేజీలో ఇది పాఠం చెబుతూ, ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కొంచెం తొందరగా చదివేస్తాను. పిల్లలు రాసుకోలేక మళ్లీ చెప్పమంటారు. మళ్లీ చెబుతాను.

పీహెచ్‌డీ వచ్చింది. పుస్తకంగా కూడా వచ్చింది. 'సాబ్ పోయాక, ఆయన పెట్టెలు సర్దుతుంటే, ఆయన ఆశీస్సుల వల్ల ఈ భాగం దొరికింది' అని ముందుమాటలో రాశాను. చదివినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారట. మా గైడు పదిమంది ముందు నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసమే ఇదంతా చేశాను. వచ్చాక అది నాకు చప్పగా ఉంది.

పుస్తకం పట్టుకుని ఖాలా దగ్గరికి వెళ్లాను. ఆవిడ అట్ట తడిమి చూసి ఏడ్చింది.

“అన్న వినకుండనే పోయిండు బిడ్డా. నీకు జర ముందుగాల దొరికుంటే ఎంత మంచిగుండు” అంది.

“నా నసీబ్ ఖాలా” అన్నాను. అవును, అలాగే అన్నాను. ఆవిడ నా తల నిమిరి, పెట్టెల తాళంచేతులు నా చేతిలో పెట్టింది. ఇవి ఇక నీవే, అన్న ఉన్నా నీకే ఇచ్చేవాడు అంది. తీసుకున్నాను.

ఖాలా ఇంకా ఉంది. ఆ ఇంట్లోనే ఉంది. ఆ సందు దాకా వెళ్లి తిరిగొచ్చిన రోజులున్నాయి. మరి ఆవిడకు చెప్పకుండా మీకెందుకు చెబుతున్నాను? ఇది రాస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. ఖాలా తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆవిడకు చదవడం వచ్చింది ఉర్దూనే. నాకు ఉర్దూ బాగా వచ్చు. అయినా కూర్చుని తెలుగులో రాస్తున్నాను. ఒప్పుకునేటప్పుడు కూడా తప్పించుకునే దారి చూసుకునే ఒప్పుకుంటున్నానన్నమాట. నా బుద్ధి మారలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? క్షమించగలిగిన ఆయన వినకుండా పోయారు. ఆవిడకు చెబుతానో లేదో నాకే తెలియదు, చెబుతానని మాట ఇస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. ఒక్కటి మాత్రం చేయగలను. ముందుమాటలో నేను రాసిన ఆ వాక్యాన్ని ఇక్కడ సరిగ్గా రాయగలను.

ఆ పేజీలు సాబ్ పోయాక దొరకలేదు. ఆయన బతికుండగానే, ఆయన పక్క గదిలో పడుకుని ఉండగానే దొరికాయి. నాకు దొరికాయి. దొరికిందా అని ఆయన అడిగారు. లేదన్నాను.