గొంతు పోయిన నాయకుని ఓట్ల వేట

వాక్కునిచ్చిన తల్లికి, వాక్కు పోయిన వేళ మనిషిని నిలబెట్టిన ఆ తల్లికే మ్రొక్కి, చైత్ర శుద్ధ దశమి గురువారమునాడు తమిళనాట గుడియాత్తములో నేను కన్నదానిని వ్రాయుచున్నాను.

మా శాసనసభ్యుడు నాకు బాల్యమిత్రుడు, రైతుబిడ్డ. పంచాయతీ మెంబరుగా మొదలై మూడు పర్యాయములు శాసనసభకు పోయినవాడు. ఆయన ఆస్తి యంతయు గొంతే. మైకు చెడినను సభ చెడెడిది కాదు. ఆ గొంతులోనే పుండు పుట్టెను. మాఘమాసములో వేలూరు ఆసుపత్రిలో స్వరపేటికను తీసివేసిరి. ప్రాణము దక్కెను, మాట పోయెను. ఊపిరికి మెడలో ఒక రంధ్రము మిగిలెను.

అంతలో ఎన్నికలు వచ్చెను. పార్టీ జిల్లా కార్యదర్శి పండ్లబుట్టతో వచ్చి, దానిని మంచముప్రక్కన పెట్టి, మెల్లగా అనెను:

"తలైవరే, మా నాయకులు మీరు, రెస్టు తీసుకోండి. గొంతు లేకుండా ఓటెట్లా అడుగుతారు? ఈ తూరి మా బామర్దికి ఇడిసిపెట్టండి."

ఆయన పలక తీసి తమిళాక్షరములతో తెలుగు వ్రాసి చూపెను. మా వైపు అట్లే వ్రాయుదురు. ఇంట పలుకునది తెలుగు, బడిలో దిద్దినది తమిళము.

"పోయింది గొంతు. మీసం ఉండాది. మీరు టికెట్టు ఇయ్యకపోయినా నిలబడతా."

ఇష్టము లేకయే టికెట్టు ఇచ్చిరి.

ఆయన చెప్పదలచినది అట్టలమీద వ్రాయు పని నాపై పడెను. తెలుగు పండితుడను గదా, గుండ్రని తెలుగక్షరములతో ముచ్చటగా వ్రాసితిని. దశమినాడు మా తెలుగువారి వీథిలో ఆయన అట్టను పైకెత్తెను. అందరును చూచిరి. ఎవరును చదువలేకపోయిరి.

"ఏందప్పా ఇది, ముగ్గేసుకొచ్చినావా?" అని ఒక ముసలమ్మ అరచెను. వీథి గొల్లుమనెను. వెంట వచ్చిన కార్యదర్శి, ఇక చాలు పదండి అన్నట్లు కారు తలుపు తెరచెను.

నా ముఖము మాడిపోయెను. ఆయన మాత్రము భుజములు కదలగా నవ్వెను. శబ్దము లేదు, మెడలో గాలి బుస్సుమనెను. కారువైపు చూడనైన చూడక, అట్టను త్రిప్పి వెనుకప్రక్క తమిళాక్షరములతో తానే వ్రాసెను. ముసలమ్మ కోడలు బిగ్గరగా చదివెను:

"ఇన్నాళ్లు నేను మాట్లాడినాను, మీరు ఇన్నారు. ఇప్పుడు మీరు మాట్లాడండి. నేను యాడికీ పోను."

ముసలమ్మ కొంగు నడుమున దోపుకొనెను.

"అట్లా రా నాయనా దావకి! ఇన్నేండ్లు నీ మైకు మా నోరు మూసినాది. కొళాయిలో నీళ్లు రాలేదు, ముందు అది రాసుకో!"

ఆమె వెనుక మరొకతె, ఆ వెనుక వీథి యంతయు. ఎండ తిరుగువరకు ఆయన నిలబడి వినెను. కుర్చీ తెచ్చిరి, కాలితో ప్రక్కకు నెట్టెను.

వైశాఖ బహుళ విదియనాడు ఓట్లు లెక్కించిరి, ఆయన గెలిచెను. జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు శాసనసభలో ప్రమాణపత్రముపై సంతకము చేసి, షష్ఠినాడు, ఎన్నికలకని ఆపుకొన్న మిగిలిన చికిత్సకై వేలూరు ఆసుపత్రిలో చేరెను.