దేవరాజులు సారు చతుష్కోటి

మదనపల్లె కాలేజీలో లాజిక్ చెప్పే దేవరాజులు సారుకు శాలువా అంటే మహా ప్రీతి. అక్కడే ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. లాజిక్ నాకు ఎక్కదు గానీ, ఆయన బాగా అర్థమవుతాడు.

తొంభై నాలుగులో పుంగనూరు సభలో ఆయన చతుష్కోటి గురించి మాట్లాడాడు. పాత బౌద్ధులు ఏ విషయాన్నైనా ఉంది, లేదు, ఉండీ లేదు, రెండూ కాదు అని నాలుగు విధాలుగా విచారించారు. రెండు వాక్యాల నిజానిజాలు చూడడానికి లాజిక్‌లో వేసే పట్టికలోనూ నాలుగే వరుసలు: రెండూ నిజం, మొదటిదే నిజం, రెండోదే నిజం, రెండూ అబద్ధం. అంటే నేటి తర్కాన్ని మనవాళ్లు ఏనాడో కనిపెట్టేశారన్నాడు. చప్పట్లు మోగాయి, శాలువా పడింది. ఆ తర్వాత ఎక్కడ పిలిచినా అదే ఉపన్యాసం, ఇంకో శాలువా.

శాంతిపురం నుంచి వచ్చి ఆయన దగ్గర చదువుకున్న ఉషారాణి ఆ మాటనే నమ్ముకుని కుప్పం యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది.

ఆ తర్వాత ఒకరోజు క్లాసులో పట్టిక గీస్తూ సారు ఆగిపోయాడు. పట్టికలో ఉన్నవి రెండు వాక్యాలు. బౌద్ధులు విచారించింది ఒక్కదాన్నే. అంకె కలిసిందే తప్ప ఇంకేమీ కలవలేదు. స్టాఫ్‌రూంకు వచ్చి నాతో చెప్పి తల పట్టుకున్నాడు. ముందు ఉషకు చెప్పమన్నాను.

"సెప్తాలేప్పా" అన్నాడు. చెప్పలేదు. ఆ పిల్ల ఫోన్ చేసి "థీసిస్ బాగా వస్తాండాది సార్" అన్నప్పుడల్లా మంచిదమ్మా అని పెట్టేసేవాడట. ఆ ఏడంతా దొంగలా తిరిగాడు.

రెండువేల మూడులో కుప్పం సదస్సులో ఉష పత్రం చదివింది. సారుతో నేనూ వెళ్లాను. వెనక నుంచి ఒకాయన లేచి, పట్టికలో రెండో వాక్యం ఉందే, బౌద్ధుల్లో అదెక్కడ అని అడిగాడు. ఉష ముందు వరుసలో ఉన్న సారు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"తప్పు నాదేనండి, మా గురువుగారిది కాదు" అంది.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. "నాకు పోయినేడే తెలుసమ్మా" అన్నాడు సారు. ఉష చేతిలోని పత్రం మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఇప్పుడన్నా సెప్పండి సార్. ఆ రెండిటికీ నిజంగా సంబంధం ఉండాదా?"

"తెలీదమ్మా. నేను సూపించిన చోట మాత్రం లేదు."

"తెలీదని అప్పుడే సెప్పింటే, నేను ఆడినుంచే మొదలుపెట్టిండేదాన్ని కదా సార్."

శాంతిపురం రాగానే దిగిపోయింది. మదనపల్లె దాకా సారు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను ఓదార్చలేదు.