నది వెంట నడిచిన బోర్డు

నదీ సాగరాలు కలిసే ఆ తీరంలో కొన్ని వందల ఏళ్ల కిందట తెరచాపల ఓడలు లంగరు దించిన నాటికి గాని, సరుకు దింపుకోవడానికి ఆ ఓడలవాళ్లు రాతిమెట్లు కట్టించిన నాటికి గాని, కాలక్రమాన ఓడలు రావడం మాని, రేవు పూడిపోయి, రాజ్యాలు చేతులు మారి, ఆ వైభవమంతా పాఠ్యపుస్తకంలో ఆరు పంక్తులుగా మిగిలిన నాటికి గాని ఇంకా పుట్టనివాడై, అవన్నీ ముగిసిన చాలా కాలానికి, తన ముప్పయ్యో ఏట, ఒక ఖాకీ చొక్కాతోను ఒక చెక్క బోర్డుతోను ఆ ఒడ్డున కాపలాదారుగా కుదిరినవాడు మన కథానాయకుడు.

జనం ఆయనను బోర్డాయన అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. బోర్డు మీద తెల్లని అక్షరాలతో 'ప్రాచీన కాలమున ఓడలు ఆగిన రేవు ఇదియే' అని ఉండేది. ఆయన ఉద్యోగం ఆ బోర్డును కాపాడటం. ఎలా కాపాడాలో చెప్పే ఉత్తర్వును ఆయన అద్దం కట్టించి, రెండు గదుల క్వార్టరులో, దేవుడి పటానికి ఎదురుగోడన తగిలించుకున్నాడు. 'ఈ బోర్డును నదీముఖమునకు నలుబది అడుగుల దూరమున, సందర్శకులకు కనబడునట్లు, ఎల్లప్పుడును నిలిపి ఉంచవలెను' అన్నది ఆ ఉత్తర్వు.

ఉత్తర్వు రాసిన నాటి అధికారి సత్పురుషుడే. ఆయన కూర్చుని రాసిననాడు నదీముఖానికి సరిగ్గా నలభై అడుగుల దూరంలోనే రాతిమెట్లు ఉండేవి. కాని ఆ మహానుభావుడు పుట్టి పెరిగింది కొండల నడుమ. అక్కడ నది ఒకసారి బండలు కోసుకుని దారి చేసుకున్నదంటే ఇక కదలదు. సముద్రపుటొడ్డున అలా కాదు. వానాకాలంలో కడలి ఒక పక్క ఇసుక పోసి దారి మూస్తుంది. నది మరికొంత దూరం పక్కకు జరిగి, మెత్తని చోట గట్టు తెంచుకుని కడలిలో కలుస్తుంది. ఈ సంగతి అధికారికి తెలియదు. కాపలాదారుకు తెలుసు గాని, అధికారికి తెలియదన్న సంగతి ఆయనకు తెలియదు.

మొదటి వానాకాలం వెళ్లాక ఆయన కొలిచి చూస్తే దూరం నలభై కాదు, నూట పది అడుగులు ఉంది. ఆ పూట అన్నం సహించలేదు. ఉత్తర్వును మూడుసార్లు చదివి, మర్నాడు బోర్డును పెకలించి భుజాన వేసుకుని, నదీముఖానికి నలభై అడుగుల దూరాన మళ్లీ పాతి, నిశ్చింతగా నిద్రపోయాడు. ఒక మహారాజు రథం తోలుతూ ముందు సాగితే దేవనది ఆయన వెంట నడిచిందని పురాణాలు చెబుతాయి. ఇక్కడ నది ముందు నడిచింది, నౌకరు వెనుక నడిచాడు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తపస్సో తేల్చడం కష్టం.

కొలతకు ఆయన దగ్గర నలభై అడుగుల తాడు ఒకటి ఉండేది. ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస పట్టుకుని ఆయన ఇల్లాలు నీటి అంచున నిలబడేది. అంచు ఎక్కడన్నదే ఏటేటా తగవు. అల వస్తే అంచు ముందుకు వస్తుంది, పోతే వెనక్కి పోతుంది. ఏ అల దగ్గర నిలబడాలో ఒక్క మాట చెబితే నిలబడతానని ఆవిడ. ఏడు అలలు లెక్కపెట్టి నాలుగోది ఆగినచోట నిలబడమని ఆయన. ఆ లెక్క ఎవరు చెప్పారని ఆవిడ అడిగితే, ఆయన ఉత్తర్వున్న గోడ వైపు చూసేవాడు. ఉత్తర్వులో అలల ప్రసక్తే లేదు.

ఇలా ఇరవై ఎనిమిదేళ్లలో బోర్డు పందొమ్మిదిసార్లు ప్రయాణం చేసి, రాతిమెట్లను అర కిలోమీటరు పైచిలుకు వెనక వదిలేసింది. బోర్డు ఎక్కడుంటే జనం అక్కడ చేరేవారు. జనం ఎక్కడుంటే టీకొట్టూ, బుడగలవాడూ, ఫోటోలు తీసే బోర్డాయన బావమరిదీ అక్కడికి తరలేవారు. బడిపిల్లలు బోర్డు చుట్టూ కూర్చుని ఆరు పంక్తులూ వల్లించేవారు. కొత్త దంపతులు దాన్ని చెరోపక్క పట్టుకుని ఫోటో దిగేవారు. పూర్వీకుల ఓడ సరిగ్గా ఇక్కడే ఆగిందని తలచుకుని కళ్లు తుడుచుకున్న వృద్ధులూ ఉన్నారు. నిరుడు అక్కడ మొల లోతు నీళ్లుండేవని వారికి ఎవరు చెప్పాలి?

ఇంకో పద్నాలుగు నెలల్లో ఆయన పదవీ విరమణ చేయవలసి ఉండగా, శాఖకు కొత్త అధికారిణి వచ్చింది. పాత కాగితాలు తిరగేస్తుంటే ఆమెకు ఒక ఫోటో దొరికింది. అందులో బోర్డు పక్కన రాతిమెట్లున్నాయి. నెల కిందట ఆమే సరదాగా ఆ తీరానికి వచ్చి బోర్డు పక్కన దిగిన ఫోటోలో మెట్లు లేవు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఆమె జీపు ఎక్కింది.

ఆ కబురు జీపుకన్నా ముందు చేరింది. బావమరిది పరుగున వచ్చాడు.

"బావా, నా మాట విను. తుఫానుకు బోర్డు కొట్టుకుపోయిందని చెప్పు. దొరికినచోట పాతానను. తుఫానును పిలిచి సాక్ష్యం అడగరు కదా."

"పందొమ్మిది తుఫాన్లు వచ్చాయనాలా?"

"ఒక్క పెద్ద తుఫాను చాలు బావా. నువ్వు ఏదైనా చిల్లరగానే ఆలోచిస్తావు."

అబద్ధం చెబితే ఉద్యోగం దక్కవచ్చు. కాని అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ల చాకిరీ గాలివాటమైపోతుంది. తాను చేసింది ఏమీ ఉండదు. నిజం చెబితే చేసింది ఉంటుంది, ఉద్యోగం ఉండకపోవచ్చు; దానితోపాటు ఆ రెండు గదులూ పోతాయి. ఆలోచన తెగకముందే జీపు వచ్చి ఆగింది.

అధికారిణి దిగి, చేతిలోని పాత ఫోటో ఆయన ముందుంచింది.

"ఇందులో మెట్లున్నాయి. ఇప్పుడెక్కడున్నాయి?"

"ఉన్నచోటే ఉన్నాయమ్మా. బోర్డే ఇక్కడికి వచ్చింది."

"ఎవరు తెచ్చారు?"

"నేనేనమ్మా. నదిని మాత్రం నేను తేలేదు."

తరువాత ఆయన ఇంట్లోంచి అద్దం కట్టిన ఉత్తర్వు తెచ్చి చూపాడు. ఆమె దాన్ని నిదానంగా చదివింది. కోపమెక్కడ పెట్టుకోవాలో ఆమెకు కాసేపు తోచలేదు. రాసినవారు స్వర్గస్థులయ్యారు, చేసినవాడు రాసినట్టే చేశాడు. అయినా ఆమె తన సంచిలో టైపు చేయించిన కాగితం ఉన్నదనీ, అది ఆయనను ఉద్యోగం నుంచి తొలగించే కాగితమనీ, సంతకం ఒక్కటే తక్కువనీ దాచకుండా చెప్పింది. ఇన్నేళ్లుగా వేలమంది ఉత్త ఇసుకను చూసి రేవు చూశామనుకున్నారు. సాయంత్రంలోగా మెట్లెక్కడున్నాయో తవ్వి చూపితే ఆ కాగితం సంగతి ఆలోచిస్తాననీ, చూపలేకపోతే సంతకం తప్పదనీ తేల్చేసింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆయన ఆ మెట్లను చూసి ఇరవై ఏళ్లు దాటింది. ఏ ఏడు ఎంత జరిపాడో ఎక్కడా రాసి పెట్టుకోలేదు. వెనకదంతా ఒకే తీరున ఇసుకదిబ్బలూ ముళ్లపొదలూ. గుర్తున్నది పందొమ్మిదిసార్లు మోసిన భుజానికి తప్ప మరి దేనికీ లేదు.

ఇల్లాలు పొయ్యి ఆర్పి, తాడు చుట్టుకుని వచ్చింది.

"ఆయనకు ముందుకు జరపడమే తెలుసమ్మా. వెనక్కి రావాలంటే నేనుండాలి."

నలుగురూ బయలుదేరారు. బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క ఏడునూ తాళ్లతో కొలుచుకుంటూ వెనక్కి నడిచారు. అధికారిణి పెన్సిలుతో లెక్క వేస్తున్నది. బావమరిది పార మోస్తున్నాడు. నిరుటిది రెండు తాళ్లు. అంతకుముందుది ఒకటిన్నర, ఆ ఏడే పెద్దమ్మాయికి కవలలు పుట్టారు. ఆయనకు పన్ను పీకించిన ఏడు నది కదలనే లేదు. ఆయన కదలలేదు గనక అదీ ఊరుకుందని ఇల్లాలి అభిప్రాయం. చిన్నమ్మాయి నడక నేర్చిన ఏటికి రెండు తాళ్లని ఆయన అంటే, మూడని ఆవిడ అన్నది. పిల్లను చంకనెత్తుకుని, రెండో చేత్తో తాడు పట్టుకుని నీళ్లలో మూడుసార్లు నిలబడ్డది తానట. బిగించి పట్టలేదని మూడుసార్లూ కసిరింది ఆయనట. కసిరిన మాట గుర్తొచ్చి ఆయన మూడుకు ఒప్పుకున్నాడు. అధికారిణి రెండు కొట్టేసి మూడు వేసింది.

కొంతదూరం పోయాక ఆయన తల గోక్కున్నాడు.

"ఇది మా అత్తగారు మా ఇంట్లో ఉండటానికి వచ్చిన ఏడమ్మా. నది ఒక్కసారిగా ఆరు తాళ్లు పారిపోయింది."

ఇల్లాలు ఆగిపోయింది. పార భుజాన ఉన్న బావమరిదీ ఆగాడు; బోర్డాయనకు అత్తగారంటే అతనికి కన్నతల్లి మరి.

"మా అమ్మ వచ్చింది పదిహేను రోజులకి. మళ్లీ రానని ఒట్టు పెట్టుకుని వెళ్లింది. నది పారిపోయింది మీ అక్క వచ్చి నాలుగు నెలలు కూర్చున్నప్పుడు. ఆరు కాదు, ఏడు తాళ్లు," అన్నది ఇల్లాలు.

అధికారిణికి దగ్గు వచ్చింది. అది దగ్గేనని అందరూ మర్యాదకు నమ్మారు. కాని ఆ దగ్గు తరువాత ఆమె చూపు మారింది. ముందుగా కూడబలుక్కున్నవాళ్లు ఒకే మాట చెబుతారు. వీళ్లిద్దరూ ప్రతి తాటి దగ్గరా కలహించుకుంటున్నారు, కలహించిన ప్రతిసారీ అంకె మరికొంచెం ఖచ్చితమవుతున్నది. ధర్మాసనాల ముందు ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాలలో ఇంత స్వచ్ఛమైనవి అరుదు.

లెక్క ముగిసేసరికి వాళ్లు ముళ్లపొదలు కమ్మిన ఒక దిబ్బ దగ్గరున్నారు. ఇక్కడేనని ఆయన కాలితో గీత గీశాడు. కడలి వైపు పది అడుగులు అవతలని ఇల్లాలు. మొదట ఆయన గీసినచోటే తవ్వారు. బావమరిదీ ఆయనా వంతులవారీగా, నడుములు పట్టుకుపోయేదాకా తవ్వితే ఇసుక కింద ఇసుక, దాని కింద తడి ఇసుక వచ్చాయి. ఎండ వాలింది. అధికారిణి గడియారం చూసుకుంది. ఆయన పార ఆనించి నిలబడి, దూరాన కనిపిస్తున్న క్వార్టరు వైపు ఒకసారి చూశాడు. ఇల్లాలు ఆ చూపు చూసింది. పార ఆయన చేతిలోంచి తీసుకుని, తాను చెప్పినచోట తానే నాలుగు వేట్లు వేసింది. అయిదో వేటుకు పార ఖణేలుమంది.

చేతులతో ఇసుక తోడితే, పూర్వకాలపు పాదాల రాపిడికి నడుమ అరిగిన ఒక రాతిమెట్టు బయటపడింది. దాని కింద మరొకటి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రాతిని అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు. మెట్టు దొరికినందుకు ఆనందించాలో, అది భార్య చెప్పినచోట దొరికినందుకు చింతించాలో ఆయనకు వెంటనే తేలలేదు. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఆ మౌనం ఆ సంసారంలో చాలాకాలం వినిపించింది.

అధికారిణి పై మెట్టు మీద కూర్చుని, టైపు కాగితాన్ని నిలువునా చింపి, వెనకవైపు ఖాళీగా ఉన్న ముక్క మీద తన చేత్తో కొత్త ఉత్తర్వు రాసింది. బోర్డును ఈ మెట్ల పక్కన పాతవలెను, ఇకమీదట కదల్చరాదు. నదీముఖము వద్ద ఒక కర్ర పాతి, నది కదిలినప్పుడల్లా కర్రను యథాప్రకారం కదల్చుచు, సంవత్సరము, దూరము పుస్తకమున రాయవలెను. ఆ నది నడకను గురించి ఈ శాఖలో మరెవ్వరికీ ఏమీ తెలియదు గనుక, పదవీ విరమణ తరువాత కూడా ఈ పనిని ప్రస్తుత కాపలాదారే చేయవలెను. ఈ పని చేసినంతకాలము క్వార్టరు ఆయనదే. కొలతలు ఇల్లాలి సమక్షంలో తీయవలెను. భేదాభిప్రాయము వచ్చినచో ఆమె మాటయే ఖాయము.

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. చివరి వాక్యం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. తరువాత వినయంగా ఒక్క సందేహం అడిగాడు.

"నది తిరిగి ఈ మెట్ల దగ్గరికే వస్తేనమ్మా?"

అధికారిణి లేచి జీపు వైపు నడవబోతూ ఆగింది.

"మీరేమీ చేయకండి. ముందు నాకు కబురు చేయండి."

నెల తిరిగేసరికి టీకొట్టూ బుడగలవాడూ మెట్ల దగ్గరికి చేరారు. ఫోటోలలో వెనుక నది లేదు, ముళ్లపొదలే పడుతున్నాయని బావమరిది ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు. చూడవచ్చినవారు రేవు సరే, నది ఏదని అడిగితే, బోర్డాయన వారిని కర్ర దాకా నడిపించుకు వెళ్తాడు. దారి పొడవునా ఏ ఏడు నది ఎక్కడున్నదో, అప్పుడు ఇంట్లో ఎవరికి ఏమైందో చెబుతాడు. వెనకనుంచి ఇల్లాలు దిద్దుతుంది. ఆరు పంక్తుల చరిత్ర కోసం వచ్చినవారు అరపూట చరిత్ర విని వెళ్తారు.

నదులన్నిటినీ ఏదో ఒక దారిన కడలికి చేర్చే పరమాత్ముడు ఆ దంపతులను నిండు నూరేళ్లు చల్లగా చూచుగాక. వారి బిడ్డలు, బిడ్డల బిడ్డలు సుఖసంతోషాలతో వర్ధిల్లుదురుగాక. ఆ రెండు గదుల ఇంట ఆరోగ్యానికీ, అన్నానికీ, మాటకు మాటకూ ఏనాడూ లోటు రాకుండుగాక.