చెనక్కాయల్లో రూపాయలు

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. బడి గేటు దగ్గర బొరుగుల ఉండలమ్మే మారెక్క పిల్లల దగ్గర ఐదు రూపాయల బిళ్ళ తీసుకుని, రెండు రూపాయల ఉండ చేతిలో పెట్టి, మిగతా మూడు మింగేస్తోందట. ఆ మాట అబద్ధం. నాది ఐదో తరగతితో ఆగిన చదువే గానీ కళ్ళూ చెవులూ ఇంకా ఆగలేదు. నాలుగు రోజులు ఆ గంప పక్కనే కూర్చుని చూసొచ్చి రాస్తున్నాను.

మాట పుట్టింది లక్ష్మక్క ఇంట్లో. ఆమె మనవరాలు హేమ ఒకటో తరగతి. పొద్దున అవ్వ ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చింది. సాయంత్రం పాప ఉండ తిని, చిల్లర లేకుండా ఇంటికొచ్చింది. "మూడు రూపాయలు యాడ పోయినాయి?" అంటే ఏడ్చిందే గానీ చెప్పలేదు. లక్ష్మక్క వీధిలోకొచ్చి, "సోమవారం నాటికి ఆ గంప గేటు కాడ ఉండకూడదు. హెడ్మాస్టరుకు చెప్తాండా" అని కేకలు పెట్టింది.

మారెక్కకు ఆ గంపే కూడు. రెండెకరాల చేను ఉన్నా, ఈ రెండేళ్ళూ వేసిన విత్తనమైనా తిరిగి రాలేదు. నాకు మనసాగక పోయి అడిగాను.

"ఏమే మారెక్కా, ఊరంతా నిన్ను దొంగంటాంటే ఉలకవు, పలకవు?"

"కూర్చో అక్కా, ఉండ తిను" అంది. అంతే.

మారెక్క బడి గడప తొక్కలేదు. చిన్నప్పటి నుంచి రైతుల ఇళ్ళలో విత్తనపు వేరుశెనగ కాయలు ఒలిచింది. ఆమెకు ఏ లెక్క వచ్చినా ఆ కాయల్లో నుంచే వచ్చింది. ఇప్పుడు పెద్దవాళ్ళు ఫోను చూపించి కొంటున్నారు. పిల్లలకు బిళ్ళల ముఖమే తెలియదు. అందుకని మారెక్క ఒడిలో ఎప్పుడూ గుప్పెడు చెనక్కాయలుంటాయి.

హేమను పిలిచి రెండు కాయలు చూపించింది. ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంది.

"ఏది కావాల పాపా?"

హేమ లావుది లాక్కుంది. ఒలిస్తే లొట్ట కాయ. మూలన ముడుచుకుపోయిన గింజ ఒక్కటి. సన్నదాంట్లో మూడు గింజలు.

"పైన చూసి మురిసిపోతే ఇట్లే అయితాది" అని మారెక్క నవ్వింది. తర్వాత పెద్ద తెల్ల బిళ్ళ పెట్టి దాని పక్కన రెండు గింజలు, చిన్న పసుపు బిళ్ళ పెట్టి దాని పక్కన ఐదు గింజలు పేర్చింది. "ఇదీ కాయే, అదీ కాయే. లోపల ఎన్నుండాయో నువ్వే చూడు."

మొదటి రోజు హేమకు ఎక్కలేదు. రెండో రోజు గింజలు తినేసింది. మూడో రోజు రెండు తెల్ల బిళ్ళలూ ఒక రూపాయీ కలిపితే పసుపు బిళ్ళ అవుతుందని తనే పేర్చింది. నాలుగో రోజు, శుక్రవారం, పేర్చుతూ పేర్చుతూ ఆగిపోయింది.

"అయితే వీరేషన్న నాకు మూడు రూపాయలు ఇయ్యల్ల!"

నాలుగో తరగతి వీరేష్, "నీది చిన్న బిళ్ళ, నాది పెద్దది, మార్చుకుందామా?" అన్నాడట. పాప సంబరంగా మార్చుకుంది. తెల్ల బిళ్ళ తెచ్చి, "పెద్దది తెచ్చినా, నాలుగు ఉండలియ్యి" అందట. ఒక్కటే రావడంతో బిక్కమొహం వేసింది. ఇప్పుడు గింజలు గుప్పిట్లో పట్టుకుని ఇంటికి పరుగెత్తి, అవ్వను కూర్చోబెట్టి అరుగు మీద పేర్చి చూపించింది.

సోమవారం లక్ష్మక్క గేటు దగ్గరకు వచ్చింది, హెడ్మాస్టరు కోసం కాదు. గంప ముందు కూర్చుని ఇరవై రూపాయల ఉండలు కట్టించుకుంది. "నా మనవరాలు మూడు దినాల్లో నేర్చుకున్యాది, తెలుసా?" అని దారిన పోయేవాళ్ళకంతా చెప్పింది. ఆ లక్ష్మక్కను చూసి మారెక్క మెడ నిక్కించి కూర్చున్న తీరు నాకు భలే నచ్చింది.

లక్ష్మక్క వెళ్ళాక నేను మారెక్కను వదల్లేదు. "పాప తెల్ల బిళ్ళా, వాడు పసుపు బిళ్ళా తెచ్చిన దినమే నీకు తెలిసిపోయింది కదా. వీరేష్‌గాడి పేరు ఒక్క ముక్క చెప్పింటే నీకీ నింద ఉండేది కాదు కదే. ఎందుకు చెప్పలేదు?"

మారెక్క ఒడిలోని పొట్టు దులుపుకుంది.

"వానికి బిళ్ళలు నేర్పిందీ నేనే కదక్కా. ఐదుకు రెండిచ్చి వచ్చినాడంటే వానికి బాగానే వచ్చినట్ల. హేమకు ఇంకా రావాల్సి ఉండె. సగం పాఠంలో లేచి ఎవురితో తగువు పెట్టుకునేది?"