చింతపండుతో తోమిన రివాల్వర్

కోడలు వాకిట్లో చింతపండు పిసికి ఇత్తడి చెంబు తోముతుంటే ఆ పులుపు వాసన ముక్కుకు తగిలింది. నాకు నవ్వు ఆగలేదు. "ఏందత్తా, నీలో నువ్వే నవ్వుతున్నవు?" అంది. అదే చింతపండుతో నేనొకప్పుడు రివాల్వర్ తోమానని దానికెలా చెప్పను!

అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. ఆయన బొగ్గుబావిలో షిఫ్టుకు దిగితే, నేను గోదావరిఖని బజార్లో ఖాదర్ కాక దుకాణం ఊడ్చేదాన్ని. కాక లైసెన్సు మీద తుపాకులు బాగుచేసేవాడు. ఎవరింట్లో పాత తుపాకీ ఉన్నా విలువ కట్టేది ఆయనే. ఒకనాడు కాక వెనక గదిలో నమాజు చేసుకుంటుంటే, బల్ల మీద ఆయన సొంత రివాల్వర్ నల్లగా కనిపించింది. పాపం మురికి పట్టిందనుకొని చింతపండు, బూడిద వేసి తళతళలాడేలా తోమిపెట్టాను. కాక వచ్చి చూసి కూలబడ్డాడు.

"అరె బిడ్డా! నూరేండ్ల వయసు గడియల కడిగేసినవు గదనే!"

"మంచిగ మెరుస్తుంది గద కాకా?"

"మెరవనీకి గిన్నెలున్నయి. దీని ఇజ్జత్ ఆ నలుపుల ఉండె."

తిడతాడనుకుంటే కడుపు పట్టుకొని నవ్వాడు. మర్నాటి నుంచి చీపురు పక్కన పెట్టించి, నన్ను తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అసలు తుప్పు సందుల్లో నల్లగా ముదిరి ఉంటుందని, దొంగ తుప్పు అంతటా ఒకే ఎరుపని వేలు పెట్టి చూపించాడు. పేరు తప్ప రాయడం రాని నేను ఇనుము వయసు చెప్పడం నేర్చుకున్నాను.

కొన్నేళ్లకు కాక కళ్లకు పొర కమ్మింది. ఆ సంగతి ఎవరికీ చెప్పనివ్వలేదు. అప్పుడే ఒక బేరగాడు తాతల నాటిదంటూ రివాల్వర్ తెచ్చాడు. కొనబోయే ఇంజనీరు పక్కనే నిలబడి, "ఖాదర్ సాబ్ పాతదంటే పాతదే" అన్నాడు. ఆ మాట తప్పని తేలిందా, కాక ఇన్నేళ్ల పేరు పోతుంది. ఆయన కళ్లతో కాక వేళ్లతో తడిమి చూస్తున్నాడని నేనొక్కదాన్నే పసిగట్టాను. తుడుస్తానంటూ అందుకున్నాను. సందుల్లో కూడా అదే ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"కాకా, పచ్చిపులుసు వాసనొస్తుంది!"

బేరగాడి మొహం మాడిపోయింది. కొత్తదాన్ని ఉప్పు, చింతపండులో నానబెట్టి తుప్పు పట్టించాడు మరి! కాక దుకాణం అదిరేలా నవ్వాడు. "తీస్కపో భాయ్. దీని విలువ గిన్నెడు పచ్చిపులుసు." వాళ్లు వెళ్లాక నా తల మీద చేయి వేశాడు. "కండ్లు పోతే పోయినయి బిడ్డా, ముక్కు దొరికింది."

ఇదంతా తలుచుకుంటుండగానే, కోడలు చెంబు కడిగేసి గూట్లోని ఇత్తడి బిల్ల అందుకుంది. మా ఆయన షిఫ్టుకు దిగేటప్పుడు వెంట ఉంచుకునే నంబరు బిల్ల అది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన వేళ్ల చెమటకు పట్టిన నలుపు మాత్రం అలాగే ఉంది.

"అది తోమకే పిల్లా!"

"నల్లగయింది గదత్తా?"

"దాని ఇజ్జతే అది. ఇటియ్యి."